ఆరో నంబరు ఈత కార్డు

పోయిన వారం మిమ్మల్ని పొగమంచులో వదిలేసి పోయానని కోపంగా ఉన్నారేమో. నేను మాత్రం ఎక్కడికి పోయాను? అదే పొగమంచులో, కింద కదలని బోటు, పక్కన కరగని సిగ్ని, అలాగే కూర్చుని ఉన్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు. నా పేరు డాట్ మజురెక్. విస్కాన్సిన్ ఉత్తరాన కెనోటా సరస్సు ఒడ్డున మా చిన్న కాలేజీ. ఆడపిల్లల పడవ జట్టుకి మేమిద్దరం సహాయ కోచ్‌లం. నాకు నలభై తొమ్మిది, నోటికి తాళం లేదు. సిగ్ని హాగెన్‌కి ముప్పై ఒకటి, ఆమె బీరువాలో తాళం వెయ్యని కాగితం లేదు. పెద్ద కోచ్ ప్రాథర్ ఏదో మీటింగుకని ఊరు విడిచి వెళ్ళాడు. ఏప్రిల్ పదకొండు, తెల్లవారి ఆరు దాటింది. సరస్సు మీద ఐసు విడిపోయి వారం కాలేదు. ఉత్తరం వైపు ఓ పెద్ద పలక మిగిలిపోయి, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతోంది. దాని నడుమ ఎక్కడో మా ఊరి ఎర్ర పీపా ఇంకా నిలబడే ఉంది. ఏటా జనవరిలో దాన్ని ఐసు మీద నిలబెడతాం. వసంతంలో అది ఏ రోజు, ఏ గంటకి మునుగుతుందో చీటీ రాసి మంగలి షాపు డబ్బాలో వేస్తాం. సరిగ్గా చెప్పినవాళ్ళకి బండి చక్రమంత చీజు. నేనూ ఓ చీటీ వేశాను.

హద్దు గుర్తుగా తేలే బోయా దాటి ఉత్తరానికి పోవద్దని చెప్పి ఎనిమిది తెడ్ల పడవని ముందు పంపాం. వెనకే మేము. చల్లనీళ్ళ కాలంలో ప్రతి పడవ వెనకా మోటారు బోటు ఉండి తీరాలన్నది మా మొదటి నియమం. పొగమంచు దిగింది. మా మోటారు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. పడవ కనబడకుండా పోయింది. ఆ తర్వాత ఉత్తరం నుంచి, పెద్ద గుమ్మడికాయని గచ్చు మీద వేసి కొట్టినట్టు ఓ చప్పుడు.

పోయిన వారం అక్కడ ఆపాను. ఆగింది కథ ఒక్కటే కాదు, నా గుండె కూడా.

"మిమీ!" అని చుక్కాని పట్టే పిల్ల పేరు పెట్టి అరిచాను.

నా గొంతు సంగతి మీకు తెలుసు. కాలేజీవాళ్ళు ఇచ్చిన బాకా మైకుని పన్నెండేళ్ళుగా పెట్రోలు పోసే గరాటుగా వాడుతున్నాను. ఆ గొంతుతో అరిస్తే అవతలి ఒడ్డున కుక్కలు మొరుగుతాయి. ఆ రోజు కుక్కలు కూడా మొరగలేదు. పొగమంచు నా కేకని దూదిలో చుట్టి జేబులో పెట్టేసుకుంది.

"మళ్ళీ పిలువు," అంది సిగ్ని. ఆమె బోటు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఇంధనం గొట్టం మధ్యలో ఉండే రబ్బరు ఉండని నొక్కుతోంది. రెండు నొక్కులు, ఒకసారి తాడు లాగడం. మోటారు "గర్" అని, ఆగిపోవడం. మళ్ళీ రెండు నొక్కులు. ఫారం నింపుతున్నట్టే చేస్తోంది.

"మిమీ! లెక్క చెప్పు! లెక్క!"

పడవవాళ్ళకి ఓ ఆచారం ఉంది. బయలుదేరే ముందు, ఆగినప్పుడు, ఏదైనా జరిగినప్పుడు, చుక్కాని పట్టే పిల్ల "లెక్క" అంటుంది. పడవ ముందు కొసన కూర్చున్న అమ్మాయి "ఒకటి" అంటుంది. ఆ తర్వాతి అమ్మాయి "రెండు". అలా ఎనిమిది దాకా. పేర్లుండవు. పడవలో ఎవరికీ పేరుండదు, నంబరే. ఎవరి నంబరు వాళ్ళే చెప్పాలి, ఇంకొకరు చెప్పకూడదు. ఇది గుళ్ళో గంటంత నియమం.

కాసేపు ఏమీ లేదు. నీళ్ళు బోటు పక్కన నాలికతో చప్పరిస్తున్నట్టు తగులుతున్నాయి.

అప్పుడు, ఎంతో దూరం నుంచి, మిమీ సన్న గొంతు. "లెక్క!"

"ఒకటి." ఏడుపులా ఉంది.

"రెండు."

"మూడు."

"నాలుగు."

"ఐదు!"

నేను ముందుకి వంగాను. బోటు అంచుని పట్టుకున్న నా వేళ్ళు నావి కావనిపించింది.

"ఆరు!"

ఆ ఆరుతో నా గుండెలో మంట ఆరింది. ఏడూ, ఎనిమిదీ నేను వినను కూడా వినలేదు. బోటు మధ్య చెక్క మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టాను. నవ్వే అనుకున్నాను. మొహం తడిసింది.

సిగ్ని తాడు లాగడం ఆపింది.

"ఎనిమిది మందీ ఉన్నారు," అన్నాను. "విన్నావా? ఎనిమిదీ ఉన్నాయి. పుట్టి మునిగిందనుకున్నాను, పుట్టి మునిగినా పిల్లలు మునగలేదు."

"విన్నాను," అంది సిగ్ని. "నువ్వు ఆరు దగ్గరే ఎందుకు ఏడ్చావు?"

"ఏడ్చానా? పొగమంచు. కళ్ళలో మంచు పడితే కరగదూ?"

"డాట్. ఆరో నంబరు గ్రెచెన్ వోల్క్."

"తెలుసు. నేనే తెచ్చానుగా ఆ పిల్లని."

నేనే తెచ్చాను. సెప్టెంబరులో కొత్త పిల్లలు కాలేజీలో చేరే వారం మేమిద్దరం భోజనశాల గుమ్మం దగ్గర నిలబడి పొడుగమ్మాయిల్ని పట్టుకుంటాం. తెడ్డు ఎప్పుడూ పట్టకపోయినా ఫరవాలేదు, తలుపు కమ్మీకి తల తగిలితే చాలు. గ్రెచెన్ ఉత్తర డకోటా పశువుల పొలం నుంచి వచ్చింది. ఆరడుగుల రెండంగుళాలు. ఆ అమ్మాయి చేతిలో ట్రే మీదున్న బంగాళదుంప ముద్ద సరిగ్గా నా కళ్ళ ఎత్తులో ఉంది. "అమ్మాయ్, ఆవుల్ని పిలిచే గొంతుందా నీకు?" అని అడిగితే, భోజనశాల మధ్యలో నిలబడి, పొలం దాటి పొరుగు పొలానికి వినబడేలా ఓ కేక పెట్టింది. ముగ్గురు ట్రేలు జారవిడిచారు. తెడ్డు లాగే కసరత్తు మిషను మీద మొదటి రోజే మా జట్టు రికార్డు విరగ్గొట్టింది.

సిగ్ని తన కోటు లోపలి నుంచి నీళ్ళు చొరబడని సంచి తీసింది. సిగ్ని జట్టు కాగితాలన్నీ ఆ సంచిలో వేసుకుని నీళ్ళ మీదకి వస్తుంది. నేను దాన్ని ఎన్నిసార్లు వెక్కిరించానో. అందులోంచి ఓ కార్డు తీసి నా ముందు పెట్టింది.

"నిన్న సాయంత్రం ఈత కార్డులన్నీ కొత్త ఫైల్లోకి మారుస్తున్నాను," అంది. "గ్రెచెన్ ఈత పరీక్ష అక్టోబరు పద్నాలుగు. పది నిమిషాలు తేలింది. కొలను నాలుగు సార్లు అటూ ఇటూ ఈదింది. జట్టు మొత్తంలో అందరికంటే తక్కువ సమయం. కింద నీ సంతకం."

"అయితే?"

"అక్టోబరు పద్నాలుగున కొలనులో నీళ్ళు లేవు డాట్. పలకలు మార్చడానికని పన్నెండు నుంచి ఇరవై దాకా ఎండగట్టారు. ఆ నోటీసు నేనే తలుపుకి అంటించాను."

నీళ్ళ మీద కూర్చుని నీళ్ళు నమిలినవాళ్ళు నాకు ముందు ఎంతమంది ఉన్నారో తెలియదు.

"తేదీ తప్పు పడిందేమో," అన్నాను.

"డాట్."

"పదకొండుకి బదులు పద్నాలుగని..."

"డాట్, ఆ పిల్లకి ఈత వచ్చా, రాదా?"

ఒక్కో మనిషి బతుకంతా జోకులేసి తప్పించుకుంటాడు. జోకంటే మరేమీ కాదు, అడిగిన ప్రశ్న పక్కనుంచి జారిపోయే సన్న సందు. ఆ సందు కోసం వెతికాను. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు.

"రాదు," అన్నాను.

సిగ్ని మొహంలో ఏ మార్పూ లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"ముందే చెప్పింది నాకు," అన్నాను. "తల వంచుకుని, 'ఈత రాదు కోచ్, మా ఊళ్ళో నీళ్ళంటే గొడ్లు తాగేవే' అంది. నేర్పిస్తానన్నాను. మూడు ఆదివారాలు నేనూ ఆ అమ్మాయీ కొలనులో దిగాం. గోడ వదల్లేదు. అంత మనిషి, పిల్లిపిల్లలా గోడ పట్టుకుని వణికింది. నాలుగో ఆదివారం కొలను ఎండిపోయింది. మంగళవారం ప్రాథర్‌కి పేర్లివ్వాలి. కార్డు లేకపోతే పడవ ఎక్కనివ్వరు. ఆ అమ్మాయికి ఈ కాలేజీలో జట్టు తప్ప ఇంకెవరూ లేరు సిగ్ని. భోజనం కూడా ఒక్కతే తినేది. శీతాకాలంలో నేర్పిద్దాంలే అనుకున్నాను. శీతాకాలం వచ్చింది, పోయింది. ఈత పరీక్షని నేను రాత పరీక్ష చేసేశాను."

"అందరికంటే తక్కువ సమయం ఎందుకు వేశావు?"

"ఏమో. వేసేటప్పుడు నవ్వొచ్చింది."

"దాన్ని పడవల షెడ్డు గోడ మీద కూడా అంటించావు. మొదటి పేరు."

"నవ్వొచ్చింది," అన్నాను మళ్ళీ. అది సంతకం కాదు, సొంత ఖర్మ.

సిగ్ని కార్డుని సంచిలో పెట్టి, జిప్పు చివరిదాకా లాగి, తిరిగి మోటారు దగ్గరికి వెళ్ళింది. "ఆ పిల్ల ఆరు అంది కాబట్టి ప్రస్తుతానికి పడవలో ఉంది," అంది. "ఒడ్డుకి చేరాక ప్రాథర్‌కి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేను చెప్తాను."

"మంచిది." రబ్బరు ఉండని నొక్కింది. తాడు లాగింది. మోటారు అందుకుంది.

మెల్లిగా వెళ్ళాం. వేగంగా పోతే పిల్లల మీదకే ఎక్కించేస్తాం. నేను ముందు కొసన బోర్లా పడుకుని "లెక్క!" అని అరవడం, వాళ్ళు చెప్పడం, ఆ చప్పుడు పట్టుకుని సిగ్ని తిప్పడం. ప్రతి లెక్కలోనూ ఆరు వచ్చింది. దగ్గరవుతున్నకొద్దీ గొంతులు పెద్దవవ్వాలి. ఇవి చిన్నవవుతున్నాయి. ఆ నీళ్ళు ఫ్రిజ్‌లో నీళ్ళంత చల్లన. అందులో పది నిమిషాలుంటే వేళ్ళు పనిచెయ్యవు, ఇంకో పది ఉంటే నాలిక తిరగదు.

తెల్లటి గోడలోంచి ముందు ఓ తెడ్డు వచ్చింది, ఒంటరిగా, తేలుతూ. తర్వాత పడవ.

ముందు కొస లేదు. ఐసు అంచుకి కొట్టుకుని విరిగి, పొట్ట దాకా చీలింది. మిగతా పడవ మునగలేదు, తేలనూ లేదు. అంచులు నీళ్ళతో సమానం. లోపల నడుం లోతు నీళ్ళలో పిల్లలు, మేం నేర్పినట్టే, పడవ వదలకుండా, ఇద్దరిద్దరు ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుని కూర్చున్నారు. పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టున్నాయి.

"ఒక్కొక్కరే!" అంది సిగ్ని. "ముందు నోరా. డాట్, చంకల కింద పట్టుకో."

ఒకటో నంబరు నోరాని లాగాను. నీళ్ళలో నానిన గొంగడంత బరువు. కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. "గ్రెచెన్ ఎక్కిందా?" అంది. "ఎక్కుతుందమ్మా, నీ వెనకే," అన్నాను. రెండు. మూడు. నాలుగు. ఐదో నంబరు టోవ్ నా మెడ పట్టుకుని వదల్లేదు, వేళ్ళు విప్పాల్సి వచ్చింది. ఆపైన ఏడు. ఎనిమిది. చివర్న చుక్కాని పిల్ల మిమీ, నాలుగడుగుల పదకొండంగుళాల మనిషి, పళ్ళు టకటకలాడుతూ.

బోటులో ఎనిమిది మంది పిల్లలు. ఎనిమిదే ఉండాలని ఒక్క క్షణం అనిపించింది. ఆ తర్వాత లెక్క తెలిసింది. తెడ్లు ఎనిమిది, మిమీతో తొమ్మిది.

పడవలో ఆరో చోట బల్ల ఖాళీగా ఉంది. దాని ముందు బిగించి ఉండే బూట్లు, ఇంత పెద్దవి జట్టులో ఇంకెవరికీ పట్టవు, నీళ్ళలో నోళ్ళు తెరిచి ఉన్నాయి.

"ఆరు అన్నదెవరు?" అంది సిగ్ని. నెమ్మదిగానే అడిగింది.

టోవ్ మోకాళ్ళలో తల పెట్టుకుంది.

"టోవ్?"

"నేనే," అంది టోవ్. "మిమీ చెప్పమంది."

"నేనే చెప్పమన్నాను కోచ్," అంది మిమీ. ఏడుస్తోంది, కానీ మాటలు వరసగా వస్తున్నాయి, చుక్కాని పిల్లలు అలాగే ఉంటారు. "ఐసుకి కొట్టుకోగానే నోరా ఎగిరి నీళ్ళలో పడిపోయింది. మాకు కనబడుతోంది, కానీ దూరమైపోతోంది. పడవ వదలకూడదని నియమం. కానీ ఒక్కళ్ళైనా వెళ్ళకపోతే నోరా పోయేది కోచ్. అందుకని, గోడ మీద పేరు చూశాను కదా, మాలో అందరికంటే బాగా ఈదేది గ్రెచెన్ అని... గ్రెచెన్ని వెళ్ళమన్నాను."

మోటారు చప్పుడు ఎక్కడో చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది.

"ఏమంది?" అన్నాను.

"ఏమీ అనలేదు. నావైపు చూసింది. ఒక్కసారి చూసి, తెడ్డు ఊడదీసి చంకలో పెట్టుకుని దిగిపోయింది. సరిగ్గా ఈదలేదు కోచ్, కాళ్ళు కొట్టుకుంది అంతే. చలికేమో అనుకున్నాను. నోరా దగ్గరికి చేరి, తెడ్డు నోరాకి ఇచ్చేసి మావైపు తోసింది. నోరాని లాక్కున్నాం. ఇంకో తెడ్డు గ్రెచెన్ వైపు విసిరాం. పట్టుకుంది. పట్టుకోవడం చూశాను! తర్వాత పొగమంచు... నోరా మళ్ళీ దూకేస్తానని గొడవ చేసింది. గ్రెచెన్ ఎక్కేసిందని చెప్పి, టోవ్‌ని ఆరు అనమన్నాను. నాకు వేరే దారి తెలియలేదు కోచ్. ఈత వచ్చిన పిల్ల కదా, తెడ్డుంది కదా, పరవాలేదనుకున్నాను."

నోరా తలెత్తి చూసింది. పిల్లలందరూ నావైపే చూస్తున్నారు. పెద్దవాళ్ళం వచ్చేశాం కదా, ఇక అంతా బాగవుతుందన్న చూపు. పన్నెండేళ్ళుగా ఆ చూపు కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నాను.

"మిమీ," అన్నాను. "నువ్వు తప్పు చెయ్యలేదు. విను. అందరూ వినండి. గ్రెచెన్‌కి ఈత రాదు. ఆమె ఈత కార్డు నేను రాసిన దొంగ కార్డు. ఈత ఆ పిల్లకి రాలేదు, రాత మాత్రం నేను రాశాను."

నా నోటికి అలవాటైన ఆట అది. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వించాలని అనలేదు. కానీ నోరు అలాగే తయారై ఉంది, ఏం చెయ్యను.

మిమీ నోరు తెరిచింది. నా మీంచి చూపు తీసి ఖాళీగా ఉన్న ఆరో బల్ల వైపు తిప్పింది. సహాయ కోచ్‌కీ నిస్సహాయ కోచ్‌కీ మధ్య దూరం ఎంతో ఆ పిల్ల మొహంలో చూశాను.

సిగ్ని మాత్రం బోటు అంచు చూస్తోంది. నీటికి నాలుగు వేళ్ళ ఎత్తున ఉంది. ఆరుగురి బోటులో పదిమందిమి.

"నోరాకి ఇంకో పావుగంట మించి టైము లేదు," అంది. "ఈ బరువుతో వెతకడానికి తిరిగితే అందరం మునుగుతాం. వీళ్ళని ఒడ్డుకి చేర్చి తిరిగి రావాలి."

"నువ్వు వెళ్ళు. నేను ఇక్కడుంటాను."

"ఎక్కడ?"

విరిగిన పడవని చూపించాను. "ఎవరో ఒకరు ఇక్కడుండి పిలుస్తూ ఉండాలి. ఆ పిల్లకి దిక్కు తెలియాలి. నేను దిగితే నీ బోటు కూడా రెండు వేళ్ళు లేస్తుంది. ఈ జట్టులో పిలవడానికి పనికొచ్చే మనిషిని నేనే."

ఒద్దంటుందనుకున్నాను. సిగ్ని కాళ్ళ కింద నుంచి లైఫ్ జాకెట్లు రెండు లాగి ఇచ్చింది. "ఒకటి నీకు, ఒకటి ఆమెకి. ఇరవై నిమిషాలు. నువ్వు చచ్చావంటే ఫారాలన్నీ నేనే నింపాలి."

"నీకిష్టమేగా."

"నోరు మూసుకో డాట్," అంది. ఆ తర్వాత, "నోరు మూసుకోకు," అంది.

నేను పడవలోకి దిగాను. నిండా మునిగాక చలేమిటంటారు. ఆ సామెత పుట్టించినవాడు ఏప్రిల్లో కెనోటా సరస్సులో మునగలేదు. నడుం దాకా నీళ్ళు పట్టుకోగానే ఛాతీలోంచి ఊపిరంతా ఎవరో చేత్తో పిండేసినట్టు పోయింది. ఊపిరి వచ్చేసరికి బోటు లేదు. మోటారు చప్పుడు కొంచెంసేపు ఉంది. తర్వాత అదీ లేదు.

ఆరో బల్ల మీద కూర్చున్నాను. ఆ పెద్ద బూట్లు నా మోకాళ్ళకి తగులుతున్నాయి.

"ఆరూ!" అని పిలిచాను.

ఇన్నేళ్ళూ జనం నా గొంతు తగ్గించమన్నారు. చర్చిలో, సినిమాలో, శుక్రవారం చేపల విందులో. దాచుకున్నదంతా అప్పుడు బయటికి తీశాను. "ఆరూ!" పది లెక్కపెట్టి మళ్ళీ. "ఆరూ!" మధ్యలో గాలి నా వీపు మీద నుంచి ఉత్తరానికి వీస్తోంది. కేకని అటే మోసుకుపోతుంది. జవాబుని మాత్రం ఇటు సరిగ్గా రానివ్వదు.

ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. దవడ బిగుసుకుపోవడం మొదలైంది. ఆరు అంటే 'ఆలు' అని వస్తోంది. పిలవడం ఆపితే పిల్ల పోయినట్టే అని, పిలుస్తున్నాను.

అప్పుడు వచ్చింది.

మాట కాదు. ఆవుల్ని పిలిచే కేక. పొలం దాటి పొరుగు పొలానికి పోయే కేక. భోజనశాలలో ట్రేలు పడేయించిన కేక. సన్నగా, తెగుతూ, ఉత్తరం నుంచి.

"గ్రెచెన్!"

"కోచ్? డాట్ కోచ్?"

"నేనే! తెడ్డుందా? తెడ్డు వదలకు!"

"వదిలేశాను కోచ్! అక్కర్లేదు!" ఆ గొంతులో నవ్వుంది. ఏడుపు కలిసిన నవ్వు. "నేల తగిలింది!"

"ఏం తగిలింది?"

"నేల! కాళ్ళకి! మొదట నడుం దాకా ఉంది, ఇప్పుడు మోకాళ్ళే. అబ్బ, చీలమండల దాకా వచ్చేసింది. గట్టిగా ఉంది కోచ్! నడుస్తున్నా! నోరా ఎక్కిందా?"

"ఎక్కింది," అన్నాను. "ఎక్కింది తల్లీ." సంతోషంతో బల్ల మీద లేచి నిలబడబోయాను. నిలబడబోతూ ఆగాను.

పన్నెండేళ్ళుగా ఈ సరస్సు మీద ఉన్నాను. దగ్గరి ఒడ్డు నా వీపు వెనక, అర మైలు దూరం. నా కింద తొంభై అడుగుల నీళ్ళు. ఉత్తరాన ఇంకా లోతు. అటువైపు నేల లేదు.

"గ్రెచెన్," అన్నాను, గొంతు ఎంత మామూలుగా ఉంచగలనో అంత మామూలుగా. "నీ చుట్టూ ఏం కనబడుతోంది?"

"ఏమీ లేదు. అంతా తెలుపే. మీరు పిలుస్తూ ఉండండి కోచ్, మీ గొంతు పట్టుకుని నడిచి వచ్చేస్తా. ఒక్క నిమిషం, ఏదో ఎర్రగా ఉంది. పీపా! ఎవరో ఇక్కడ పీపా పెట్టారు. దీనికి కాస్త ఆనుకుంటా, కాళ్ళు వణుకుతున్నాయి."

నా మెడలో వేలాడే గడియారం వైపు చూశాను. ఎందుకు చూశానో నాకు తెలుసు. ఏడుకి మూడు నిమిషాలు. మంగలి షాపు డబ్బాలో, నా చేతి రాతతో, ఓ చీటీ ఉంది. ఏప్రిల్ పదకొండు, ఉదయం ఏడు గంటలు. నా పుట్టినరోజని సరదాగా రాశాను.

"నడవకు!" అని అరిచాను. "అడుగు వెయ్యకు. మెల్లిగా కూర్చో. కూర్చుని బోర్లా పడుకో, చేతులూ కాళ్ళూ వెడల్పుగా చాచు."

"ఎందుకు కోచ్? నేలేగా?"

నేలే, అంటే ఆ పిల్ల సంతోషంగా నావైపు నడిచి వస్తుంది. ఆ అబద్ధం నాలిక చివర తయారుగా ఉంది. చాలా తేలికైంది, అక్టోబరులో రాసినదానికంటే తేలికైంది.

"కాదు," అన్నాను. "అది నేల కాదు గ్రెచెన్. ఐసు."

నా వీపు మీద గాలి ఒక్కసారిగా పడిపోయింది. 

తర్వాత ఆ పిల్ల గొంతు వచ్చింది. ఈసారి కేక కాదు. పక్కన కూర్చుని చెప్పినంత చిన్నగా, అయినా ప్రతి మాటా తెలిసింది.

"కోచ్, పీపా ఒరుగుతోంది."